గర్భిణులపై ఉద్యోగ ఒత్తిడి: రియాద్‌లోని మలాజ్

నెల తప్పాక ఉద్యోగం చేయడమే ఒక ప్రమాదం కాదు. తల్లి ఒంట్లో ఊరే కార్టిసాల్‌లో ఎక్కువ భాగాన్ని మాయలోని ఒక ఎంజైము నిర్వీర్యం చేస్తుంది. అందువల్ల రోజువారీ చికాకులు బిడ్డదాకా పోయేది తక్కువ. వైద్యులు జాగ్రత్త చెప్పేది ఎడతెగని ఒత్తిడి, వరుస నైట్ డ్యూటీలు, గంటల తరబడి నిలబడటం, బరువులెత్తడం గురించి. నెలలు నిండని కాన్పుకూ వీటికీ కొంత సంబంధం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి, అయితే చాలామందిలో పెరిగే ముప్పు స్వల్పమే. నర్సులకు అదనంగా క్యాన్సర్ మందులు, ఎక్స్‌రే గదుల ముప్పు ఉంటుంది. గర్భం సంగతి తెలిపాక పిండానికి తగిలే రేడియేషన్ మిగతా నెలలన్నిటికీ కలిపి 1 మిల్లీసీవర్ట్ దాటకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. విషయం దాచిపెడితే ఈ రక్షణ అందదు.

1950లలో సౌదీ మంత్రిత్వ శాఖలు జెద్దా నుంచి రియాద్‌కు తరలివచ్చినప్పుడు ఉద్యోగుల కోసం కట్టిన పేట మలాజ్. ఇప్పుడక్కడ వలస కుటుంబాలు ఎక్కువ. ఇలాంటి చోట ఉద్యోగం చేసే తెలుగు గర్భిణికి పని భారం కన్నా తేదీల లెక్కే పెద్ద బెంగ. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మనవాళ్ల ఆనవాయితీ. సౌదీ కార్మిక చట్టం 2025 ఫిబ్రవరి నుంచి ప్రసూతి సెలవును 10 వారాల నుంచి 12 వారాలకు పెంచింది. జీతం పూర్తిగా వస్తుంది, కాన్పు తర్వాతి 6 వారాలు తప్పనిసరి. మిగిలిన సెలవును కాన్పు తేదీకి 4 వారాల ముందు నుంచే వాడుకోవచ్చు. అంటే అప్పటికి 36 వారాలు. చాలా విమాన సంస్థలు 28 వారాలు దాటితే డాక్టరు సర్టిఫికెట్ అడుగుతాయి, 36 దాటితే అసలు ఎక్కించుకోవు. సెలవు తలుపు తెరుచుకునే వేళకు విమానం తలుపు మూసుకుంటుందన్నమాట. ఊరెళ్లాలంటే వార్షిక సెలవో, జీతం లేని సెలవో ముందే కుదుర్చుకోవాలి. దేశం దాటి తిరిగొచ్చేందుకు తీసుకునే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా గడువు, పుట్టిన బిడ్డను వెనక్కి తెచ్చుకునే వీసా కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

ప్రసూతి సెలవులో ఉన్న ఉద్యోగినిని తీసేయడాన్ని చట్టం నిషేధిస్తుంది. తిరిగొచ్చాక బిడ్డకు పాలివ్వడానికి రోజుకు గంట వరకు విరామం ఇస్తుంది. ఇళ్లలో పనిచేసేవారు మాత్రం ఈ చట్టం పరిధిలోకి రారు, వారికి వేరే నిబంధనలున్నాయి. అసలు ఆసరా ఎక్కువ అవసరమైనవారు వారే.

మూడు నాలుగు నెలలకే డాక్టరు చీటీతో డ్యూటీ మార్పు కోరడం, అడిగిందీ వచ్చిన జవాబూ రాతలో ఉంచుకోవడం ఉపయోగం. నిలబడే పనిలో మధ్యమధ్య కూర్చోవాలి. నిద్ర ఆపుకోవడానికి తాగే చాయ్, గహ్వా (అరబ్ కాఫీ)లతో కలిపి కెఫీన్ రోజుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. రెండు వారాలకు పైగా దిగులు, నిద్రలేమి వదలకపోతే అది బలహీనత కాదు, చికిత్స ఉన్న జబ్బు కావచ్చు. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, చూపు మసకబారేంత తలనొప్పి కనిపిస్తే డ్యూటీ ముగిసేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.