కైఫీయతు నుంచి పాలచీటీ దాకా

పోయినేడు గంగవరం పక్కన ఒక పల్లెలో అరుగు మీద కూర్చుని ఉండగా చూసిన సంగతి ఇది. పాడి మీద పరిశోధన చేస్తున్న ఒక అబ్బాయి ప్రశ్నల కాగితాలతో వచ్చాడు. "అవ్వా, ఆవుల మీద నెలకు ఎంతొస్తుంది?" అనడిగాడు.

"నెలకెంతని ఎవురు లెక్కేసినారు నాయనా? ఈనినాక ఒక మాదిరి, వట్టిపోయినాక ఒక మాదిరి" అంది అవ్వ.

అబ్బాయి కాసేపు కాగితం వైపు చూసి, దాన్ని పక్కన పెట్టాడు. "పోనీ, నిన్న పొద్దున ఎన్ని లీటర్లు పోసినారు?" అవ్వ లేచి లోపలికి వెళ్లి, దూలం సందులో దోపిన పాలచీటీ తెచ్చి చేతిలో పెట్టింది.

పుస్తకాలు దీన్ని ప్రాథమిక సమాచార సేకరణ అంటాయి. ఎవరో రాసింది చూసి రాయడం కాదు, ఉన్నచోటికే పోయి అడిగి, చూసి, కొలిచి తెచ్చుకోవడం. ఈ పని మన దగ్గర నిన్న మొన్న మొదలైంది కాదు.

1783లో మద్రాసులో దిగిన కల్నల్ కాలిన్ మెకంజీకి మన భాషలు రావు. ఆయనకు నోరూ చెవీ అయినవాడు ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య. 1799లో టిప్పు సుల్తాన్ పతనమయ్యాక మెకంజీ మైసూరు సర్వే చేపట్టాడు. నేలను గొలుసులతో కొలుస్తూనే, ఏ ఊళ్లో ఏం అడగాలో రాసిచ్చి గుమాస్తాలను పంపేవాడు. వాళ్లు కరణం దగ్గరున్న ఊరి లెక్కల కవిలెలు విప్పించి, శాసనాలకు నకళ్లు తీసి, పెద్దల నోటి మాట రాసుకుని వచ్చేవాళ్లు. ఏ రోజు ఎక్కడున్నదీ, ఎవరు ఏం చూపించిందీ దినచర్యలో రాసి పంపేవాళ్లు. అలా పోగైన ఊరి చరిత్రలే కైఫీయతులు. అరబ్బీలో 'ఎలా' అనే మాట నుంచి పుట్టిన పదమది. ఊరు ఎలా పుట్టింది, ఎలా ఉంది అన్నమాట.

గుమాస్తాలను జనం తేలిగ్గా నమ్మలేదు. పన్ను పెంచడానికే వచ్చారేమోనని భయం. కవిలె దాచిన ఊళ్లూ ఉన్నాయి.

బొర్రయ్య 1803లోనే చిన్న వయసులో పోయాడు. పనిని తమ్ముడు లక్ష్మయ్య మోశాడు. 1821లో మెకంజీ చనిపోయిన తర్వాత ఆ పని తానే సాగిస్తానని లక్ష్మయ్య ముందుకొస్తే, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి ఆ పనిలోనే మునిగి ఉన్న మనిషికంటే అర్హుడు ఇంకెవరు? ఇప్పటికీ ఆ సంపదను మెకంజీ సేకరణ అనే అంటున్నాం. కావలి సోదరుల పేరు కూడా దాని పక్కన ఉండాలి.

మెకంజీ సర్వే సాగిన కాలంలోనే, 1800 నుంచి 1807 దాకా, దత్తమండలాల కలెక్టరుగా థామస్ మన్రో చేయించిన కొలతలకు వాడింది 33 అడుగుల గొలుసు. నిలువునా అడ్డంగా ఒక్కో గొలుసు పడితే ఒక కుంట, నలభై కుంటలైతే ఎకరం. 1871 నాటికి మద్రాసు రాజధానిలో మనుషుల లెక్క కూడా తీశారు.

ఇలా లెక్క తీసేటప్పుడు అడిగే మాట తప్పితే వచ్చే జవాబూ తప్పే. బావిలోంచి నీళ్లు తోడే సాధనాన్ని చాలాచోట్ల మోట అంటే, మన గంగవరం వైపు కపిల అనేవారు. "మోట ఉందా?" అని అడిగి, "లేదు" అని రాసుకుని పోతే, కళ్లెదుట నడుస్తున్న కపిల లెక్కలోకే వచ్చేది కాదు. వరిమడిని మనం కయ్య అంటాం. ఇలాంటి మాటలను రైతుల నోటి నుంచే ఏరి, ఏ మాట ఎక్కడ వాడతారో చూపిస్తూ భద్రిరాజు కృష్ణమూర్తి తయారుచేసిన మాండలిక వృత్తి పదకోశం, వ్యవసాయ సంపుటం, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురణగా వచ్చింది. తెలుగుకు నాలుగు మాండలిక మండలాలున్నాయని ఆయన తేల్చింది సేద్యపు మాటల ఆధారంతోనే. తర్వాత 1971లో చేనేత సంపుటం వచ్చింది. సర్వేకు బయల్దేరే ప్రతి విద్యార్థీ ముందు ఆ పదకోశం తిరగేయాలని నా కోరిక.

అరుగు మీద అవ్వ కూడా ఆ పాత అనుమానమే బయటపెట్టింది. "ఇదంతా రాసుకుని ఏం చేస్తారు నాయనా? పింఛను గానీ తీసేస్తారా?"

అబ్బాయి నవ్వలేదు. ఎందుకు రాస్తున్నాడో, ఎవరికి చూపిస్తాడో, పేరు ఎందుకు రాయడో నిదానంగా చెప్పాడు. రాసినదంతా మొదటి నుంచి చదివి వినిపించాడు. "ఆవులు మూడు" అన్నచోట అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"రెండే. ఎర్రావును మొన్న సంతలో అమ్మేసినాము. కొట్టెయ్."

అతను మూడు కొట్టేసి రెండు వేశాడు.