చూపు లేనివారు జీపీఎస్‌ను ఒంటిమీద ఎక్కడ, ఎలా భద్రంగా పెట్టుకోవాలి? నంద్యాల - ఆళ్లగడ్డ ప్రయాణంతో పూర్తి వివరాలు

నంద్యాల: మా మామూకు నీటికాసుల జబ్బుతో యాభై దాటాక చూపు పోయింది. ఆయన ఉండేది నంద్యాలలో. కూతురి ఇల్లు ఆళ్లగడ్డలో. మధ్యలో సుమారు 40 కిలోమీటర్లు, 40వ నంబర్ జాతీయ రహదారి మీద బస్సు ప్రయాణం. కర్ర చేతిలో, ఫోన్ కుర్తా పై జేబులో పెట్టుకొని ఒక్కరే పోయి వచ్చేవారు. ఒకరోజు బస్సు మెట్టు ఎక్కడానికి వంగారు, ఫోన్ జారి బస్సు కిందికి పోయింది. ఎవరో పుణ్యాత్ములు తీసిచ్చారు కాబట్టి సరిపోయింది. దారి చెప్పేది, డబ్బు కట్టేది, మా నంబర్లు ఉండేది అన్నీ ఆ ఫోన్‌లోనే. ఆ రోజు నుంచి ఇంట్లో "ఇక ఒక్కరే వద్దు" అని మొదలైంది. నిజానికి తప్పు ప్రయాణానిది కాదు, జేబుది. ఇలాంటి కుటుంబాలు మనలో చాలా ఉంటాయి కాబట్టి తెలుసుకున్న విషయాలు ఒకచోట ఇస్తున్నాం.

జీపీఎస్ ఏం చేస్తుంది, ఏం చేయదు

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. మన చేతిలోని రిసీవర్ వాటికి ఏమీ పంపదు, వాటి సిగ్నల్ వింటుంది అంతే. కనీసం 4 ఉపగ్రహాల సిగ్నల్ అందితే మనం ఎక్కడున్నామో లెక్క కడుతుంది. మన దేశానికి సొంతంగా నావిక్ వ్యవస్థ ఉంది, దాని మొదటి ఉపగ్రహాన్ని ఇస్రో 2013 జూలై 1న పంపింది. కొత్త ఫోన్లు చాలావరకు ఒకటి కంటే ఎక్కువ వ్యవస్థలను వాడుకుంటాయి.

ఆకాశం తెరిపిగా ఉన్నచోట మామూలు ఫోన్ సుమారు 5 మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. ఎత్తైన ఇళ్ల మధ్య సందుల్లో తేడా ఇంకా పెరుగుతుంది. 5 మీటర్లంటే రోడ్డుకు ఈ పక్కా ఆ పక్కా అనే తేడా. కాబట్టి జీపీఎస్ "గాంధీ చౌక్ దగ్గర పడ్డారు" అని చెప్పగలదు గానీ, ముందు తెరిచిన కాలువ ఉందనో, అడ్డంగా బైక్ నిలిపారనో, ఆవు పడుకుందనో చెప్పలేదు. అది కర్ర పని. జీపీఎస్ కర్రకు తోడే, కర్ర స్థానంలోకి రాదు.

ఇది ఎక్కడ మొదలైంది

అమెరికాలో శాంటా బార్బరా విశ్వవిద్యాలయానికి చెందిన జాక్ లూమిస్ 1985లో చూపు లేనివారికి ఉపగ్రహాలతో దారి చూపే ఆలోచన ముందుకు తెచ్చారు. ఆయనతో కలిసి పనిచేసిన రెజినాల్డ్ గోలెడ్జ్ భూగోళ శాస్త్రవేత్త. మధ్య వయసులో ఆయనకే చూపు పోయింది. వాళ్లు మొదట్లో తయారుచేసిన పరికరం వీపు సంచీలో మోయాల్సినంత ఉండేది.

అప్పట్లో మామూలు జనానికి అందే సిగ్నల్‌ను అమెరికా సైన్యం కావాలనే మసకబరిచేది, 100 మీటర్ల వరకు తేడా వచ్చేది. 2000 మే 2న దాన్ని ఆపేశారు. నడిచి పోయేవాళ్లకు జీపీఎస్ పనికొచ్చింది ఆ తర్వాతే. 2003లో వచ్చిన ట్రెక్కర్ అనే పరికరాన్ని పట్టీతో ఒంటికి తగిలించుకునేవారు. ఇప్పుడు ఆ పనంతా ఫోన్ చేస్తోంది. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్ ఓవర్ తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తాయి. గూగుల్ మ్యాప్స్ 2018 నుంచి తెలుగులో కూడా దారి చెబుతోంది.

ఒంటిమీద ఏ చోటు మంచిది

చూపు లేనివారికి ఒక చెయ్యి ఎప్పుడూ కర్రకే. రెండో చెయ్యి బస్సు కడ్డీ పట్టుకోవడానికో, తోడున్నవారి మోచెయ్యి పట్టుకోవడానికో ఖాళీగా ఉండాలి. అంటే నడిచేటప్పుడు ఫోన్ చేతిలో ఉండకూడదు.

మన ఒంట్లో నీరు ఎక్కువ. ఆ నీరు జీపీఎస్ సిగ్నల్‌ను మింగేస్తుంది. కాబట్టి పరికరం ఎంత పైన, ఎంత తెరిపిగా ఉంటే అంత మేలు.

భుజం, ఛాతీ పైభాగం: అన్నిటికంటే మంచివి. ఒక భుజం మీద నుంచి రెండో పక్క నడుము వరకు వచ్చే అడ్డ పట్టీకి చిన్న పౌచ్ కుట్టించి, అది ఛాతీ మీద నిలిచేలా చూసుకోవాలి.

నడుము బెల్టు: ఫర్వాలేదు. పౌచ్ ముందు వైపు ఉండాలి. వెనక ఉంటే జనంలో ఎవరు తీసినా తెలీదు.

ప్యాంటు జేబు, కుర్తా పక్క జేబు: సిగ్నల్ తగ్గుతుంది. ఆటోలో కూర్చున్నప్పుడు కుర్తా పక్క జేబు నుంచి ఫోన్ సీటు మీదికి జారడం మామూలే.

కుర్తా పై జేబు: సిగ్నల్ బాగుంటుంది గానీ వంగితే పడుతుంది. జిప్పు పెట్టిస్తేనే వాడాలి.

బుర్ఖా వేసుకునే ఆడవాళ్లకు ఒక అనుమానం వస్తుంది, గుడ్డ లోపల ఉంటే సిగ్నల్ రాదేమో అని. పొడి గుడ్డ జీపీఎస్‌ను ఆపదు. అడ్డ పట్టీ పౌచ్‌ను బుర్ఖా లోపల వేసుకుంటే బయటికి కనబడదు, లాక్కోవడానికి వీలుండదు. కాకపోతే చెయ్యి పోవడానికి బుర్ఖా పక్క కుట్టులో చిన్న సందు పెట్టించుకోవాలి. లేకుంటే బజారులో ఫోన్ తీయడానికి ఇబ్బంది పడాలి.

పట్టీ, జిప్పు, తాడు: మూడు కట్లు

భద్రం అంటే ఒకటి విడిపోయినా ఇంకొకటి పట్టుకోవాలి. మొదటిది పౌచ్ జిప్పు. రెండోది పౌచ్‌ను ఒంటికి పట్టే పట్టీ. మూడోది ఫోన్ కవర్ నుంచి పౌచ్ లోపలి కుట్టుకు కట్టిన చిన్న తాడు. ఫోన్ బయటికి తీసినప్పుడు చెయ్యి జారినా తాడు మీద వేలాడుతుందే గానీ కింద పడదు. తాడు చెవి దగ్గరికి ఫోన్ చేరేంత పొడవుంటే చాలు, మోకాళ్ల దాకా వేలాడకూడదు.

మెడలో వేసుకునే తాడుతో జాగ్రత్త. బస్సు తలుపుకో, కడ్డీకో తగులుకుంటే మెడ బిగుసుకుంటుంది. మెడ తాడే కావాలంటే గట్టిగా లాగితే ఊడిపోయే క్లిప్పు ఉన్నదే కొనాలి. అయస్కాంతం బటన్ ఉన్న పౌచ్ వద్దు, ఫోన్ దిక్సూచి తప్పు దిక్కు చూపిస్తుంది. ఇనుప రేకు కవర్లు కూడా సిగ్నల్‌కు అడ్డం.

ఇదంతా కొనాల్సిన పని లేదు. మామూ పౌచ్‌ను మా వీధి దర్జీ పాత జీన్స్ గుడ్డతో కుట్టిచ్చాడు, పాత బ్యాగు పట్టీ వేశాడు. బీకాం చదివినవాణ్ణి కాబట్టి లెక్క చెబుతున్నా: మొత్తం ఖర్చు 120 రూపాయలు. ఫోన్ తెర పగిలితే దానికి ఎన్ని రెట్లో మీరే చూసుకోండి.

చెవులు మూయకూడదు

చూపు లేనివారికి బండి శబ్దమే చూపు. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఆ చూపు కూడా పోయినట్టే. ఒక్క చెవిలోనే పెట్టుకోవాలి, లేదా చెవి ముందు ఎముక మీద ఆనే బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్ వాడాలి. వైరు ఉన్నదైతే చొక్కా లోపలి నుంచి పైకి తేవాలి, బయట వేలాడితే దేనికో ఒకదానికి తగులుకుంటుంది. రోడ్డు దాటేటప్పుడు ఫోన్ మాట ఆపేసి బండ్ల శబ్దం, కర్ర శబ్దం మాత్రమే వినాలి.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు: అడుగడుగునా

బయల్దేరే ముందు ఇంట్లో వైఫై మీద ఆ దారి మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోవాలి, దారిలో నెట్ పోయినా పనికొస్తుంది. దిగే చోటును, కూతురి ఇంటిని పేరు పెట్టి ముందే సేవ్ చేసుకోవాలి. జిప్పు, పట్టీ, తాడు మూడూ చేత్తో తడిమి చూసుకోవాలి.

బస్సు ఇనుప డబ్బా లాంటిది, సిగ్నల్ వచ్చేది కిటికీల నుంచే. అందుకే కిటికీ పక్క సీటు అడగాలి. కండక్టర్‌కు దిగే చోటు ఎలాగూ చెప్పాలి. శిరివెళ్ల మెట్ట వచ్చిందని ఫోన్ చెబితే ఆళ్లగడ్డకు సర్దుకోవడానికి టైం ఉన్నట్టే.

దిగగానే నడవొద్దు. పక్కకు జరిగి తెరిపి చోట ఒక నిమిషం నిలబడితే సిగ్నల్ కుదురుకుంటుంది. నిలబడి ఉన్నవాడు ఏ వైపు తిరిగాడో జీపీఎస్‌కు తెలీదు, కదిలితేనే తెలుస్తుంది. పది అడుగులు వేశాకే "కుడి", "ఎడమ" మాటలను నమ్మాలి.

దారిలో మసీదుకు వెళ్తే వుజూ ముందు పౌచ్ తీసి తోడున్నవారికి ఇవ్వాలి, ఎవరూ లేకుంటే వీపు వైపు తిప్పుకోవాలి. సజ్దాలో ఛాతీ మీది పౌచ్ నేలకు తగులుతుంది, అప్పుడూ అదే పద్ధతి. టాక్‌బ్యాక్ గొంతు తగ్గించడం మరవొద్దు.

ఎండ, వాన

నంద్యాలలో 45 డిగ్రీలు దాటిన రోజులు చూశాం. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాడాలని ఆ కంపెనీయే చెబుతోంది. నల్ల పౌచ్‌లో, ఎండలో, జీపీఎస్ నడుస్తుంటే ఏ ఫోనైనా వేడెక్కి ఆగిపోవచ్చు. లేత రంగు గుడ్డ వాడాలి, మధ్యాహ్నం ప్రయాణం తగ్గించుకోవాలి. వానకు జిప్‌లాక్ కవర్ చాలు, అందులో నుంచి సిగ్నల్ వస్తుంది. పవర్ బ్యాంక్‌ను ఫోన్‌కు అతికించకుండా వేరే జేబులో పెట్టాలి.

ఫోన్ పోతే

ఫోన్‌లో *#06# నొక్కితే ఐఎంఈఐ నంబర్ వస్తుంది. ఈరోజే రాసి ఇంట్లో పెట్టుకోండి. పోయిన వెంటనే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ నంబర్‌తో ఫోన్‌ను బ్లాక్ చేయించవచ్చు. ఇంటి నంబర్లు రెండు ఒక చీటీ మీద రాసి వేరే జేబులో పెట్టాలి. అత్యవసరానికి 112 ఉంది.

ఇంట్లో వాళ్లకు ఒక మాట

వాట్సాప్‌లో లైవ్ లొకేషన్‌ను 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని పెట్టుకోవచ్చు. ప్రయాణం వరకు పంచుకుంటే ఇంట్లో అందరికీ నిమ్మళం. కానీ పెద్దమనిషిని అడక్కుండా ఆయన ఫోన్‌లో ట్రాకింగ్ పెట్టడం మర్యాద కాదు. చూపు పోయింది, నిర్ణయం తీసుకునే హక్కు పోలేదు.

మామూ ఇప్పుడు మళ్లీ ఒక్కరే ఆళ్లగడ్డకు పోతున్నారు. మొదటి రెండుసార్లు నేను వెంట పోయాను, మూడోసారి నాలుగు సీట్లు వెనక కూర్చున్నాను. నాలుగోసారి "నువ్వు ఇంట్లో ఉండు రా, దిగినాక ఫోన్ చేస్తా" అన్నారు. దిగగానే చేశారు.