పూటకూళ్ల లండన్

1170ల్లో విలియం ఫిట్జ్‌స్టీఫెన్ అనే క్రైస్తవ గురువు తన లండన్ నగరాన్ని వర్ణిస్తూ, థేమ్స్ ఒడ్డునున్న ఒక పూటకూళ్ల అంగడిని చూసి తెగ మురిసిపోయాడు. చేపలు, పిట్టలు, కాల్చినవి, వేయించినవి, ఉడికించినవి అక్కడ సిద్ధంగా ఉంటాయట. ఉన్నవాళ్లకు లేత మాంసం, లేనివాళ్లకు ముతక మాంసం. అంటే బయటి తిండిలో రెండు పంక్తులు ఎనిమిదిన్నర శతాబ్దాల కిందటే ఉన్నాయి.

ఇవాళ హోటలుకు వెళ్లడం సరదా. ఆ నగరపు పేదలకు మాత్రం అది శతాబ్దాలపాటు గత్యంతరం లేని పని. ఇరుకు అద్దెగదిలో వండుకునే వసతి ఉండేది కాదు, ఉన్నా బొగ్గుకు డబ్బులుండేవి కావు. వీధి వంటే వాళ్ల వంట. హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత ఈ వీధి వ్యాపారుల్ని పలకరించి, వాళ్ల రాబడీ ఖర్చులూ రాసుకుని 1851లో పుస్తకంగా తెచ్చాడు. ఉడుకుడుకు బంగాళాదుంప అర పెన్నీ, మాంసం కూరిన ‘పై’ ఒక పెన్నీ. ‘పై’లమ్మేవాడితో నాణెం ఎగరేసే ఆచారం కూడా ఉండేది. కొనేవాడు గెలిస్తే ‘పై’ ఉచితం, ఓడితే పెన్నీ పోయినట్టే, ‘పై’ కూడా రాదు. ఆకలితో జూదమాడటం అంటే అక్షరాలా ఇదే.

అప్పట్లో పేదల తిండిలో ఆల్చిప్పలు కూడా ఉండేవి. పేదరికం ఉన్నచోటే వాటి అంగళ్లు ఎక్కువని డికెన్స్ నవల ‘పిక్విక్ పేపర్స్’లో ఒక పాత్ర వేళాకోళమాడుతుంది. సముద్రాన్ని ఊడ్చేశాక అవే ఆల్చిప్పలు పెద్దవాళ్ల బల్లల మీదికి ఎక్కాయి.

ఇంతకీ ఈ చవక తిండి వండిపెట్టిందెవరు? చాలావరకు వలస వచ్చినవాళ్లే. చేపల్ని పిండిలో ముంచి వేయించే పద్ధతి యూదులతో వచ్చింది. దానికి బంగాళాదుంప వేపుడు జత చేసి 1860 ప్రాంతంలో తూర్పు లండన్‌లో అంగడి పెట్టిన జోసెఫ్ మాలిన్ కూడా యూదుడే. అసలు సిసలు లండన్ తిండి అనిపించుకునే ‘పై అండ్ మాష్’ (‘పై’, మెదిపిన బంగాళాదుంప) దుకాణాల్లో పేరున్న మాంజె కుటుంబం ఇటలీ నుంచి వచ్చింది. టవర్ బ్రిడ్జ్ రోడ్డులో 1902 నుంచీ నడుస్తున్న వాళ్ల దుకాణం ఇప్పటికీ ఉంది. కొత్తగా దిగినవాడికి కూలి తక్కువ, ఇంటిల్లిపాదీ చాకిరీ చేస్తారు. ఆ చాకిరీకి కూలి కట్టి ఉంటే ఆ ధరలు నిలిచేవా?

దీనికి పూర్తిగా వేరే దారి పట్టింది లయన్స్ కంపెనీ. 1894లో పికడిల్లీలో మొదటి టీ దుకాణం తెరిచి, తర్వాత దేశమంతటా రెండు వందలకు పైగా పెట్టింది. గుమాస్తాలు, టైపిస్టు అమ్మాయిలు మగతోడు లేకుండా కూర్చుని తినగల చోట్లు అవి. హామర్‌స్మిత్‌లోని కాడ్బీ హాల్ నుంచే అన్నిటికీ సరుకు వెళ్లేది. లాభం పెన్నీల్లో ఉన్నప్పుడు లెక్క తప్పకూడదు. ఆ లెక్కల కోసం లయన్స్ సొంతంగా ‘లియో’ అనే కంప్యూటర్‌ను తయారు చేసుకుంది. 1951లో బేకరీ సరుకుల ఖరీదు కట్టడం దాని మొదటి పనుల్లో ఒకటి. వ్యాపారానికి కంప్యూటర్‌ను నిత్యం వాడటం టీ, బన్నుల కంపెనీతో మొదలవడం నాకు చరిత్రలోని ముచ్చటైన సంగతుల్లో ఒకటి.

అయినా ఈ కథలో నన్ను ఎక్కువగా ఆపేది యుద్ధకాలమే. 1940లో బాంబులకు ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లకు తిండి పెట్టడానికి ప్రభుత్వం వంటశాలలు తెరిచింది. వాటికి ‘సామూహిక భోజన కేంద్రాలు’ అని పేరు పెడితే చర్చిల్‌కు నచ్చలేదు, ధర్మసత్రం వాసన కొట్టిందట. 1941లో ‘బ్రిటిష్ రెస్టారెంట్లు’ అని మార్పించాడు. భోజనం 9 పెన్నీలకు మించదు, రేషన్ కూపన్ అడగరు. 1943 నాటికి దేశంలో ఇవి రెండు వేలు దాటాయి. రోజుకు లక్షలాది భోజనాలు. మరోవైపు 1942లో ఏ హోటలూ భోజనానికి 5 షిల్లింగులకు మించి పుచ్చుకోరాదని, మూడు వడ్డనలు దాటరాదని ఉత్తర్వు వచ్చింది. అంటే పేదలకూ పెద్దలకూ కూడా ప్లేటు ధర సర్కారు చేతికి వచ్చింది. యుద్ధమయ్యాక 1947 చట్టం బ్రిటిష్ రెస్టారెంట్లను పురపాలక సంఘాలకు అప్పగించింది, కాకపోతే నష్టం రాకుండా నడుపుకోవాలని మెలిక పెట్టింది. ఆ మెలికతోనే చాలావరకు అవి చల్లబడ్డాయి.

తర్వాతిది వేగంగా జరిగిన కథ. 1954లో వింపీ బర్గర్, 1974లో ఊలిచ్‌లో మెక్‌డొనాల్డ్స్. లయన్స్ టీ దుకాణాలు ఒక్కొక్కటిగా కనుమరుగయ్యాయి. 1973లో వ్యాట్ వచ్చింది. అది ఇప్పుడు 20 శాతం. హోటల్లో కూర్చుని తిన్నా, వేడిగా పొట్లం కట్టించుకున్నా కట్టాలి. పట్టుకెళ్లే చల్లని శాండ్‌విచ్‌కు మాత్రం అక్కర్లేదు. లండన్ ఉద్యోగి మధ్యాహ్నం చద్ది రొట్టెముక్కతో ఎందుకు సరిపెట్టుకుంటాడో ఇక్కడ కొంత తెలుస్తుంది. సూపర్‌మార్కెట్లో శాండ్‌విచ్, చిప్స్, పానీయం కలిపి ఏళ్ల తరబడి 3 పౌండ్లుండేది. 2022 నుంచి అదీ పెరుగుతోంది.

ధరలతోపాటు కూలీ పెరిగింది. కనీస వేతనం 1999లో గంటకు 3.60 పౌండ్లు, 2025 ఏప్రిల్‌కు 12.21. వండేవాడికి న్యాయంగా కూలి రావాల్సిందే, దాన్ని తప్పుపట్టను. నా ఫిర్యాదు అద్దె మీద. స్ట్రాండ్ వీధిలో మేడమీది ‘ఇండియా క్లబ్’ గతి చూడండి. భారత స్వాతంత్ర్యం కోసం బ్రిటన్‌లో వి.కె. కృష్ణమీనన్ నడిపిన ఇండియా లీగ్‌లో పుట్టి, 1960ల నుంచీ అక్కడే దోసెలు పోసి, నడిబొడ్డున తక్కువ ధరకు తినగల చోటుగా నిలిచింది. ఆ భవనాన్ని కొత్త హంగులతో హోటల్ చేయాలని యజమానులు తలపెట్టారు. ఏళ్లపాటు పోరాడి, చివరికి 2023 సెప్టెంబరులో మూతపడింది. పిండి ధర పెరిగి కాదు, స్థలం ధర పెరిగి.

చదువుకని అక్కడికెళ్లే మన పిల్లలకు ఒక మాట. నడిబొడ్డున బల్ల దగ్గర కూర్చుంటే బిల్లు మీద 12.5 శాతం సేవారుసుము కూడా పడొచ్చు. అది చాలాచోట్ల ఐచ్ఛికం, తీసేయమని అడగొచ్చు. దోసె కోసం ఈస్ట్‌హామ్ వెళ్లండి, టూటింగ్ వెళ్లండి. మరీ చేతిలో డబ్బు ఆడని రోజున సౌత్‌హాల్ గురుద్వారాలో లంగర్ (ఉచిత భోజనం) ఉంది, అక్కడ ఎవరూ మీ పేరు కూడా అడగరు.