పస్సిన్యో

పస్సిన్యో బ్రెజిల్ దేశములోని రియో డి జనీరో నగరమునకు చెందిన ఒక వీధి నృత్యము. పోర్చుగీసు భాషలో ఈ పదమునకు "చిన్న అడుగు" అని అర్థము. ఫవేలాలు అని పిలువబడే పేదల బస్తీలలో, "ఫంక్ కారియోకా" అను సంగీతమునకు అనుగుణముగా 2000వ దశకములో ఇది రూపుదిద్దుకొన్నది. కారియోకా అనగా రియో నగరమునకు చెందినది. ఒకప్పుడు చట్టముతో కట్టడి చేయబడిన నృత్య సభల నుండి పుట్టిన ఈ కళ, తరువాత అదే రాష్ట్రముచే వారసత్వ సంపదగా గుర్తింపబడినది.

సంగీత నేపథ్యము

1970వ దశకములో రియో శివారులలో నల్లజాతి యువత అమెరికా సోల్, ఫంక్ రికార్డులతో పెద్ద నృత్య సభలు జరుపుకొనేవారు. ఈ సభలను "బైలీ" అందురు. 1980వ దశకములో అమెరికాలోని ఫ్లోరిడా నుండి "మయామి బేస్" అను ఎలక్ట్రానిక్ సంగీతము ఇక్కడికి చేరినది. సంగీతము మారినను ఫంక్ అను పేరు అట్లే నిలిచినది. అందుచేత పేరు ఒకటే అయినను, నేటి బ్రెజిల్ ఫంక్‌నకు పాత అమెరికా ఫంక్‌తో పోలిక తక్కువ. 1989లో డీజే మార్ల్‌బోరో వెలువరించిన "ఫంక్ బ్రజిల్" ఆల్బముతో పోర్చుగీసు ఫంక్ పాటలు ప్రాచుర్యము పొందినవి.

నృత్య విధానము

ఇందులో పాదముల కదలికయే ప్రధానము. నర్తకులు పాదములను అతివేగముగా ముందుకు, వెనుకకు, అడ్డముగా కదుపుచు, మధ్యలో హఠాత్తుగా దిశ మార్చుదురు. సాంబా, ఫ్రెవో, బ్రేక్ డాన్సుల ఛాయలు ఇందు కనబడును. చాలామంది దీనిని ఒకరినొకరు చూచియు, వీడియోల ద్వారాను నేర్చుకొన్నారు. 2008లో యూట్యూబులో చేర్చబడిన ఒక వీడియో వలన ఈ నృత్యము ఒక బస్తీ నుండి మరొక బస్తీకి వేగముగా వ్యాపించినది. 2011లో "పస్సిన్యో పోరు" అను పోటీ ప్రారంభమైనది. దీనిపై ఎమీలియో డొమింగోస్ తీసిన డాక్యుమెంటరీ చిత్రము 2012లో వెలువడినది.

నిర్బంధము, గుర్తింపు

1992 అక్టోబరులో రియో సముద్రతీరమున జరిగిన గలభాను పత్రికలు ఫంక్ అభిమానులకు ముడిపెట్టినవి. నాటి నుండి బైలీలు అనగానే నేరములు గుర్తుకు వచ్చు పరిస్థితి ఏర్పడినది. 2008లో రియో రాష్ట్రము ఈ సభలపై కఠిన నిబంధనలతో చట్టము చేసినది. ఫంక్ కళాకారుల ఉద్యమము ఫలితముగా 2009లో ఆ చట్టము రద్దయినది. అదే సంవత్సరము మరొక చట్టము ఫంక్‌ను సాంస్కృతిక ఉద్యమముగా ప్రకటించినది. 2016 రియో ఒలింపిక్స్ ప్రారంభోత్సవములో పస్సిన్యో ప్రదర్శింపబడినది. దీనిని 2018లో రియో నగరము, 2024లో రియో రాష్ట్రము సాంస్కృతిక వారసత్వముగా ప్రకటించినవి.

అయినను చట్టపరమైన గుర్తింపుతో బైలీలకు, పోలీసులకు మధ్య సంఘర్షణ సమసిపోలేదు. ఫంక్ విస్తరించిన మరొక మహానగరమైన సావో పాలోలో, 2019 డిసెంబరు 1న పరైసోపోలిస్ బస్తీలోని ఒక వీధి బైలీపై పోలీసు చర్య జరిగినపుడు 9 మంది యువజనులు మరణించినారు.