అటకమీది చరిత్ర

“కొత్తొక వింత, పాతొక రోత” అని మన సామెత. అయితే ఆ సామెత పలికిన పెద్దలే వంగిన మేకును సుత్తితో సాపుచేసి డబ్బాలో దాచేవారు. నోటిమాట ఒకటి, చేతిపని మరొకటి. ఆ చేతిపని ఎంత ప్రాచీనమైనదో, మన కాలంలో ఎక్కడ తెగిపోయిందో విచారించడమే ఈ వ్యాసోద్దేశం.

మొదట గ్రంథసాక్ష్యం. పాళీ వినయపిటకంలో చుల్లవగ్గమనే భాగమున్నది. బుద్ధనిర్యాణానంతరం ఆనందుడు కౌశాంబికి వెళ్ళగా ఉదయనరాజు అంతఃపుర స్త్రీలు ఆయనకు 500 ఉత్తరీయాలు సమర్పించారు. ఒక భిక్షువుకు ఇన్ని వస్త్రాలెందుకు, అంగడి పెడతాడా అని రాజుకు సందేహం కలిగింది. చీవరాలు చినిగిన భిక్షువులకు పంచుతానన్నాడు ఆనందుడు. మరి ఆ చినిగినవాటిని ఏం చేస్తారు? దుప్పట్లుగా వాడుతాం. అవీ పాతబడితే? పరుపుల గలేబులు. ఆ తరువాత? నేలమీద పరుపులు. ఆ పైన కాళ్ళు తుడుచుకొనే గుడ్డలు, దుమ్ము దులిపే గుడ్డలు. చివరకు ముక్కలు చేసి మట్టిలో కలిపి నేల అలుకుతాం. ఈ సమాధానానికి రాజు సంతోషించి మరి 500 వస్త్రాలిచ్చాడట.

రెండవ సాక్ష్యం సోమదేవుని కథాసరిత్సాగరం. ఇది 11వ శతాబ్దపు గ్రంథం. దీనికి మూలమైన బృహత్కథను రచించిన గుణాఢ్యుడు శాతవాహన ప్రభువు ఆస్థానంలోనివాడని ప్రతీతి కనుక మనకూ ఇందులో వంతున్నది. అందులో ఒక పేదబాలుడు చచ్చిన ఎలుకను పెట్టుబడిగా తీసుకొంటాడు. దానిని పిల్లికి మేతగా ఇచ్చి రెండు గుప్పెళ్ళ సెనగలు తెచ్చుకొంటాడు. సెనగలు వేయించి, నీళ్ళతోసహా కట్టెలు కొట్టేవారికిచ్చి కట్టెలు పొందుతాడు. క్రమంగా ధనవంతుడై, ఎలుకనిచ్చిన వర్తకునికి బంగారపుటెలుకను చేయించి ఇస్తాడు. ఒకరు పారవేసినది మరొకరికి అక్కరకు వస్తుందని ఈ కథ సారాంశం.

మా కృష్ణాజిల్లా పల్లెలో మా నాయనమ్మ ఈ గ్రంథాల పేర్లైనా వినలేదు. కాని ఆనందుడు చెప్పిన మెట్ల వరుస ఆమెకు కంఠస్థమే. నేతచీర పాతబడితే పసిపిల్లకు ఉయ్యాల. ఆ మీదట నాలుగు మడతలు పెట్టి కుట్టిన బొంత. బొంత చివికితే మసిగుడ్డ. మిగిలిన పీలికలు దీపానికి వత్తులు. చీర పూర్తిగా కాలిపోయేదాకా ఆమె దానిని విడిచేది కాదు.

బట్ట సంగతి ఇది. లోహం సంగతికి వస్తే, యుద్ధకాలం మా నాన్నగారి తరానికి బడి అయింది. 1943లో బ్రిటిషు ప్రభుత్వం కంచు ఆదా చేయడానికి కానీ మధ్యలో పెద్ద బెజ్జం పెట్టింది. నాణెం బరువు సగానికి పైగా తగ్గింది. ప్రభుత్వమే నాణెంలోంచి లోహం మిగుల్చుకొంటున్న రోజుల్లో గృహస్థు మేకును పారవేస్తాడా? 1957 ఏప్రిల్ 1 నుండి నయాపైసలు వచ్చి, కాలక్రమంలో ఆ చిల్లికానీలు చెల్లకుండా పోయాయి. అయినా మా నాన్నగారు వాటిని దాచి మరమేకుల కింద వాషర్లుగా బిగించేవారు. వాటి నివాసం ఖాళీ డాల్డా డబ్బా. నేను చదువుకొన్న బడిలో గంట కూడ అటువంటిదే: చెట్టుకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. దాని మ్రోత ఊరి పొలిమేరదాకా వినిపించేది.

ఇంతవరకు చెప్పినది దాచినవారి మాట. కాని దాచడమనేది రెండు చేతుల పని. ఒకటి దాచే చేయి, రెండవది బాగుచేసే చేయి. కళాయి పూసేవాడు కొలిమి తిత్తితో, తగరంతో, నవాసారంతో వచ్చి, పులుసు తగిలి కిలుమెక్కే ఇత్తడి గిన్నెకు లోపల తెల్లని పూత పూసేవాడు. చిల్లిపడిన బిందెకు మాటు వేసేవాడొకడు. తిరగలికి గంట్లు కొట్టేవారు, కత్తులకు సానపట్టేవారు వేరు. వీరు వస్తారన్న నమ్మకముండబట్టే అటకమీద ఓటిబిందెకు చోటు దొరికింది.

ఈ గొలుసు తెగినది మా కళ్ళముందే. స్టీలు గిన్నెకు కళాయి అక్కరలేదు. నైలాన్ చీర నీరు పీల్చదు, పొయ్యి దగ్గర మసిగుడ్డగా పట్టుకొంటే కరిగి చేతికి అంటుకొంటుంది, వత్తిగా వెలగదు. మెట్లు దిగడానికి ఆ చీరకు కాళ్ళే లేవు. అందుకే వీధిలో పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చేవాడి కేక వినబడగానే ఇల్లాళ్ళు మూటలు దించారు. వారిని తప్పుపట్టలేము.

నేడు మన సొరుగుల నిండా ఏ ఫోనుకూ సరిపడని చార్జర్లు, లోపలికి స్క్రూడ్రైవరు దూరనివ్వకుండా అతికించిన పరికరాలు ఉన్నాయి. దాచే చేయి ఇంకా మిగిలే ఉన్నది, రెండవ చేయి లేదు. బాగుచేసేవాడు లేని దాపరికం పొదుపు కాదు, చెత్తను వాయిదా వేయడం. మరమ్మతు హక్కు పేరిట కేంద్రప్రభుత్వం 2022 డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచిందంటే, ఆ రెండవ చేయి అవసరం ప్రభుత్వానికీ తెలిసివచ్చిందన్నమాట. కాని హక్కు కాగితం మీద ఉంటే చాలదు, పనివాడు వీధిలో ఉండాలి. వాడికి కూలి దక్కాలి, మర్యాద దక్కాలి.

ఆ మర్యాద మునుపూ దక్కలేదు. దాచిన ఇల్లాలిని పొదుపరి అని మెచ్చుకొన్న మనం, బాగుచేసినవాడిని బేరమాడి పంపాము. మా అటకమీద ఇప్పటికీ ఒక ఇత్తడి బిందె ఉన్నది. దాని మెడ చుట్టూ మా తాతగారి పేరు పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి. అడుగున, చేతితో తడిమితే తెలిసే మాటు ఒకటున్నది. బిందెను ఇన్నేళ్ళు నిలిపినది ఆ మాటే. అది వేసినవాడి పేరు మాత్రం ఎవరూ చెక్కలేదు.