డోరా కేక్ ఎక్కడ పుట్టింది? జపాన్ స్వీట్ షాపులో దాగిన చరిత్ర

మన తరంలో డోరేమాన్ చూడకుండా పెరిగినవాళ్లు తక్కువే. ఆ నీలం రంగు పిల్లి రోబో ప్రాణం పెట్టే డోరా కేక్ గుర్తుందా? రెండు గుండ్రటి కేకులు, మధ్యలో ముదురు రంగు ముద్ద. ఆ ముద్ద చాక్లెట్ అని చాలామంది అనుకుంటారు. కాదు. అవి ఉడకబెట్టి, పంచదార వేసి దగ్గరగా చేసిన గింజలు. అంటే మన బూరెల్లో పూర్ణం లాంటిదన్నమాట.

దాని అసలు పేరు డోరయాకి. డోరా అంటే కంచు గంట, యాకి అంటే కాల్చింది. ఇప్పుడు మనం చూసే రెండు బిళ్లల రూపం వచ్చింది 20వ శతాబ్దం మొదట్లోనే. కానీ లోపలి పూర్ణం ఒక దారిలో జపాన్ చేరితే, పైన ఉన్న కేకు ఇంకో దారిలో చేరింది. ఈ రెండు దారులూ తెలిస్తే జపాన్‌లో ఏ స్వీట్ షాపులో నిలబడినా, ఎదురుగా ఉన్నది ఏమిటో చాలావరకు గుర్తుపట్టేయొచ్చు.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను. టోక్యోలో పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల కింది అంతస్తు అంతా తిండి కౌంటర్లే ఉంటాయి. దాన్ని డెపచికా అంటారు. నేను అక్కడ రెండు గంటలు తిరిగాను. ఫోన్ కెమెరా పెడితే ప్రతి డబ్బా మీదా పేరు వచ్చేస్తుంది. యోకాన్, మంజు, కస్తెరా. బాగుంది, కానీ పేరు తెలిస్తే ఏం తెలిసినట్టు? సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఫైల్ పేరు తెలిసింది కానీ కోడ్ ఎవరు రాశారో, ఎందుకు రాశారో తెలియలేదు.

సరే, మొదటి నుంచి వద్దాం.

జపాన్‌కి మొదట్లో చెరకు పంచదార లేదు. బియ్యం ఉంది. జిగురు బియ్యాన్ని ఉడికించి దంచితే మోచి. తీపి కావాలంటే పళ్లు, తేనె, ఒక తీగ రసం కాచి తీసిన పాకం. 756లో, చనిపోయిన షోము చక్రవర్తి వస్తువుల్ని నారా నగరంలోని తోదాయ్‌జి గుడికి సమర్పించారు. వాటితోపాటు 60 రకాల మందులు ఇచ్చారు, ఆ జాబితా ఇప్పటికీ ఉంది. అందులో చెరకు పంచదార కూడా ఉంది! అంటే అప్పట్లో అది తినే వస్తువు కాదు, మందు.

దీని వెనక మన దేశం కూడా ఉంది. 7వ శతాబ్దంలో చైనా చక్రవర్తి తైజోంగ్, పంచదార తయారీ నేర్చుకు రమ్మని మగధకి మనుషుల్ని పంపాడని తాంగ్ వంశ చరిత్రలో రాసి ఉంది. ఆ చైనా నుంచే పంచదార జపాన్‌కి వెళ్లింది.

ఇప్పుడు పూర్ణం సంగతి. చైనాకి వెళ్లి చదువుకుని వచ్చిన జెన్ బౌద్ధ సన్యాసులు, అక్కడి అలవాట్లని తమతో తెచ్చారు. చైనాలో యోకాన్ అంటే గొర్రె మాంసం పులుసు. ఆ పేరు రాసే అక్షరాల్లో ఇప్పటికీ గొర్రె ఉంది. కానీ సన్యాసులు మాంసం ముట్టరు కదా. అందుకే మాంసం బదులు అజుకి అనే ఎర్రటి చిన్న గింజల ముద్ద వాడారు. ఆ తర్వాత సముద్రపు నాచు నుంచి తీసే కాన్‌తెన్ కలిపి, నున్నటి బర్ఫీ ముక్కలా తయారుచేశారు. గొర్రె పోయింది, పేరు మిగిలింది. మంజు కూడా ఇంతే. చైనాలో మాంసం కూరే ఆవిరి రొట్టె అది. 14వ శతాబ్దంలో నారాకి వచ్చిన లిన్ జింగ్‌యిన్ అనే చైనా ఆయన, మాంసం తీసేసి గింజల పూర్ణం పెట్టాడని చెప్తారు.

ఇక రెండో దారి, ఓడల దారి. 1543లో పోర్చుగీసువాళ్లు జపాన్‌లోని తనెగషిమా దీవికి చేరారు. 1571లో నాగసాకి రేవు వాళ్ల వ్యాపారానికి తెరిచారు. వాళ్లు తుపాకులు తెచ్చారు, క్రైస్తవాన్ని తెచ్చారు, పంచదార కూడా తెచ్చారు. 1569లో లూయిస్ ఫ్రోయిస్ అనే మతగురువు, అప్పట్లో జపాన్‌లోని బలవంతుల్లో ఒకడైన ఓద నోబునాగకి గాజు సీసాలో పంచదార గుళికలు కానుక ఇచ్చాడు. పోర్చుగీసులో వాటిని కొన్‌ఫెయితో అంటారు. జపాన్‌లో అవే కొంపెయితో అయ్యాయి. మన హోటళ్లలో బిల్లుతోపాటు ఇచ్చే రంగుల సోంపు ఉంటుంది చూడండి, అదే పద్ధతి. తిరిగే పళ్లెంలో మధ్య గింజ మీద పాకం పొరలు పొరలుగా పోస్తూ పోతే, రెండు వారాలకి బొడిపెలున్న చిన్న నక్షత్రం తయారవుతుంది.

గుడ్లు, పిండి, పంచదార కలిపి కాల్చే కేకు కూడా వాళ్ల వల్లే వచ్చింది. స్పెయిన్‌లోని కాస్టీల్ రాజ్యం పేరు మీద దానికి కస్తెరా అని పేరు. వెన్న లేదు, పాలు లేవు. డోరా కేక్ పైభాగం ఈ కుటుంబానిదే.

1639లో జపాన్ పోర్చుగీసువాళ్లని పూర్తిగా గెంటేసింది. క్రైస్తవాన్ని నిషేధించి, నమ్మినవాళ్లని చంపింది. కానీ కస్తెరా మాత్రం నాగసాకిలో ఉండిపోయింది. మనుషుల్ని పంపించేశారు, రుచిని పంపించలేకపోయారు. ఆ తర్వాత డచ్ ఓడలు, చైనా ఓడలు అదే నాగసాకికి పంచదార తెచ్చేవి. అక్కడి నుంచి కొకురా దాకా వెళ్లే రహదారిని ఇప్పుడు షుగర్ రోడ్ అంటున్నారు. ఆ దారి పొడవునా ఊరికో స్వీటు ఉంటుంది.

ఇంతవరకు తియ్యటి కథ. ఇప్పుడు చేదు భాగం.

ఓడల్లో వచ్చే పంచదార ఖరీదు ఎక్కువ. మరి దేశంలోనే పండిస్తే? దక్షిణాన సత్సుమా అనే సంస్థానం ఉంది. 1609లో అది ర్యూక్యూ రాజ్యం మీద దాడి చేసి, అమామి దీవుల్ని నేరుగా తన చేతిలో పెట్టుకుంది. 19వ శతాబ్దం మొదటి సగంలో సత్సుమాకి దాదాపు 50 లక్షల ర్యోల అప్పు ఉంది. ర్యో అంటే అప్పటి బంగారు నాణెం. ఆ అప్పు తీర్చడానికి దొరికిన ఆయుధాల్లో ఒకటి అమామి నల్ల బెల్లం. రైతులు చెరకే వేయాలి, బెల్లమంతా సత్సుమాకే ఇవ్వాలి. చాటుగా అమ్మితే మరణశిక్ష. అప్పుల్లో మునిగినవాళ్లు వెట్టి మనుషులయ్యారు, వాళ్లని యాంచు అనేవారు. తినే పంట తగ్గింది, బెల్లం మాత్రం ఒసాకా మార్కెట్‌కి వెళ్లింది. ఆ కాలాన్ని జపాన్‌లో నల్ల బెల్లం నరకం అంటారు. 1868లో షోగన్ పాలనని కూల్చి, కొత్త జపాన్‌ని నిలబెట్టినవాళ్లలో ముందు వరసలో ఉన్నది సత్సుమానే. ఆ సంస్థానం తేరుకోవడంలో అమామి చెరకు తోటల చెమట ఉంది. పాఠ్యపుస్తకంలో ఒక లైన్‌లో అయిపోయే విషయం ఇది. అందుకే నల్ల బెల్లం స్వీటు చూసినప్పుడు నాకు ముందు అమామి పేరు గుర్తొస్తుంది.

కొత్త జపాన్‌లో స్వీట్లు కూడా మారాయి. 1874లో టోక్యోలోని గింజాలో కిమురాయా అనే బేకరీ, పడమటి రొట్టెలో అజుకి పూర్ణం పెట్టి అమ్మింది. అదే అన్‌పాన్. పూర్ణాన్ని అన్ అంటారు, పాన్ అనేది పోర్చుగీసు నుంచి వచ్చిన రొట్టె మాట. 1875లో దీని మీద ఉప్పులో ఊరేసిన చెర్రీ పువ్వు పెట్టి మెయిజీ చక్రవర్తికి ఇచ్చారు.

1899లో అమెరికా నుంచి తిరిగొచ్చిన మొరినాగ తాయిచిరో స్వీట్ల కంపెనీ మొదలుపెట్టాడు. 1922లో ఎజాకి రీచి, ఆల్చిప్పల నుంచి తీసిన గ్లైకోజెన్ కలిపి గ్లికో క్యారమెల్ అమ్మాడు. పోకీ చేసేది ఆ కంపెనీయే. ఈ ఇద్దరూ పుట్టింది సాగా ప్రాంతంలో. అంటే షుగర్ రోడ్ వెళ్లే ప్రాంతం! అయితే మామూలు ఇంటి పిల్లాడికి క్యారమెల్ అందడానికి ఇంకో కారణం ఉంది. 1895లో జపాన్ తైవాన్‌ని వలసగా చేసుకుని, అక్కడ పెద్ద ఎత్తున చెరకు వేయించింది. మళ్లీ ఇంకొకళ్ల నేలే. 1940లో యుద్ధం వల్ల పంచదారకి రేషన్ వచ్చింది. 1945లో ఓటమితో తైవాన్ కూడా చేజారింది.

ఇప్పుడు షాపులో నిలబడ్డారనుకోండి. నేను నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను. బియ్యమేనా? అయితే స్థానికంగా పాత వంశం, మోచి, సెంబెయ్ లాంటివి. గింజల పూర్ణం ఉందా? సన్యాసుల దారి. గుడ్డు, పిండి, పంచదారేనా? ఓడల దారి. పాలు, వెన్న, చాక్లెట్ ఉన్నాయా? దాదాపుగా 1868 తర్వాతిది. రెండు జవాబులు కలిస్తే ఇంకా మంచిది, అది రెండు దారులు కలిసిన స్వీటు. ఇది లెక్కల సూత్రం కాదు, కానీ దారి చూపిస్తుంది.

వెజ్ తినేవాళ్లకి ఇందులో ఒక లాభం. యోకాన్‌లో సాధారణంగా గింజలు, పంచదార, నాచు మాత్రమే ఉంటాయి. జెల్లీలు, మార్ష్‌మాలోల్లో మాత్రం జంతువుల జెలటిన్ ఉండొచ్చు. సెంబెయ్ మామూలు బియ్యపు అప్పడంలా కనిపించినా, కొన్నిటి మసాలాలో చేప సారం ఉంటుంది. ఎబి అనే మాట వినపడితే రొయ్య అని అర్థం. 1964 నుంచి కల్బీ కంపెనీ అమ్ముతున్న కప్పా ఎబిసెన్‌లో ఉన్నది అదే. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాని ఎక్కువ బరువున్న దానితో మొదలుపెట్టి రాస్తారు. కాబట్టి కెమెరాని ముందువైపు పేరు మీద కాదు, ఆ జాబితా మీద పెట్టండి.

ఒక చిన్న డోరా కేక్‌లో చైనా వంటిల్లు, పోర్చుగీసు ఓడ, జపాన్ పెనం ఉన్నాయి. తీపికి మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరు ధర చెల్లించారు, తిన్నవాళ్లు ఒకరైతే పండించినవాళ్లు ఇంకొకరు. ఈసారి స్వీటు ఫోటో తీసేటప్పుడు, ఇందులో పంచదార ఎక్కడిది అని కూడా ఒకసారి అడగండి.