మోటారు మీద ఉండే హెచ్.పి. పుట్టింది గానుగ కాడే

చెరకు ఆడే మోటారు రేకు మీద 5 హెచ్.పి., 1440 ఆర్.పి.ఎం. అని ఉంటుంది, చూసే ఉంటారు. ఆ హెచ్.పి. పుట్టింది మన ఎద్దుగానుగ లాంటి చోటే.

ఇంగ్లండులో బీరు తయారుచేసేవాళ్లు ధాన్యం నలగ్గొట్టను గుర్రాలను గుండ్రంగా తిప్పేవాళ్లు. 1780ల్లో జేమ్స్ వాట్ వాళ్లకు ఆవిరి ఇంజన్ అమ్మాలి. ఇది ఎన్ని గుర్రాల పెట్టు అని అడుగుతారు కదా! అందుకని లెక్క కట్టినాడు. గుర్రం 12 అడుగుల మాను చివర 180 పౌన్ల బలంతో లాగుతూ గంటకు 144 చుట్లు తిరుగుతుంది. ఆ పనిని గుండుగుత్తగా నిమిషానికి 33,000 అడుగు-పౌన్లు అన్నాడు. అదే 1 హెచ్.పి.

మరి మాను అంత పొడుగెందుకు? గడ్డపారతో రాయి లేపేటప్పుడు చివర పట్టుకుంటాం, మధ్యలో పట్టుకోం. బలాన్ని దూరంతో హెచ్చవేస్తే వచ్చే తిప్పుడు బలమే ఇంటర్ పుస్తకంలోని టార్క్. వాట్ గుర్రానిది 82 కిలోలు, 3.66 మీటర్లు. అంటే ఇరుసుకు మీటరు దూరంలో 300 కిలోలు వేలాడదీసినట్టు. మన 5 హెచ్.పి. మోటారు ఇరుసు కాడ అదే లెక్క వేయండి, రెండున్నర కిలోలే వస్తుంది! ఐదు గుర్రాల శక్తి ఎక్కడికీ పోలేదు, వేగంలో ఉంది. గుర్రం నిమిషానికి 2.4 చుట్లు, మోటారు 1440, అంటే 600 రెట్లు.

ఆ వేగాన్ని తగ్గించి బలంగా మార్చేదే మోటారుకుండే చిన్న పుల్లీ, అవతల పెద్ద చక్రం, ఆ పైన పళ్ల చక్రాలు. బెల్లం ధర బాగుందని, తొందరగా ఆడేయాలని కొందరు మోటారుకు పెద్ద పుల్లీ వేస్తారు. రోలర్లు జోరుగానే తిరుగుతాయి, నాలుగు గడలు ఎక్కువ పెడితే మోటారు మూలుగుతుంది. కరెంటు ఎక్కువ లాగి వైండింగ్ కాలిపోతుంది. మోటారు చేసినోణ్ని తిట్టి ఏం లాభం?

మన దేశంలో ముందు కొయ్య గానుగలు, రాతి గానుగలు ఉండేవి. 1870ల్లో బిహార్‌లోని బిహియాలో థామ్సన్, మిల్న్ అనే దొరలు ఇనుప గానుగ తెచ్చినారు. దానికీ ఎద్దులే, అదే పొడుగు మాను. తరువాత ఆయిల్ ఇంజన్, ఆపైన కరెంటు.

ఒకటి మాత్రం మారిపోయింది. ఎద్దును ఓ అంటే నిలబడేది. మోటారు స్విచ్ తీసినా పెద్ద చక్రం తన ఊపుతో ఇంకా కొన్ని చుట్లు తిరుగుతుంది. గడకూ చేతికీ దానికి తేడా తెలీదు. గడలు అందించే ఆడోళ్ల పైట, మన తువ్వాలు ముందే బిగించి కట్టుకోవాల, చిన్న ముక్కలు చేత్తో తొయ్యకుండా ఇంకో గడతో తొయ్యాల.